బేరంలో పోయిన పరీక్ష

మా అన్నకు మూత్రంలో రక్తం పడిన సంగతి నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది. అదీ ఆయన చెప్పాలనుకుని చెప్పింది కాదు. బోరబండలోని మా పెయింట్ల దుకాణంలో మరుగుదొడ్డి లేదు. నాన్న పెట్టిననాటి నుంచీ లేదు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ వెనక్కి పోవడమే. ఒక ఆదివారం నేను వెళ్లి కూర్చుంటే, అన్న గంటలో మూడుసార్లు రోడ్డు దాటాడు. మూడోసారి తిరిగొచ్చాక ఎకసెక్కంగా అడిగాను.

"ఏందన్నా, హోటల్ల వాటా గిట్ల తీసుకున్నవా? ఊకె ఆడికే పోతున్నవ్."

"ఏం లేదురా. మొన్న ఒంటికి పోతే జర ఎర్రగొచ్చింది. అప్పటి సంది ఊకె పోవాల్ననిపిస్తుంది."

"ఎర్రగంటే?"

"ఎర్రగంటే ఎర్రగ. రెడ్ ఆక్సైడ్ లెక్క."

ఇనుప గ్రిల్లులకు రంగు వేసే ముందు తుప్పు పట్టకుండా పూసేది రెడ్ ఆక్సైడ్. ఆ వారమంతా పెద్ద డ్రమ్ములోంచి చిన్న డబ్బాల్లోకి అన్న దాన్నే వంపుతున్నాడట. చేతికంటింది అక్కడ కూడా అంటుకుని ఉంటుందనుకున్నాడు. మూడు రోజులు థిన్నర్ పెట్టి చేతులు కడిగాడు. ఆ ఎరుపు తన లోపలి నుంచి వస్తూ ఉండవచ్చన్న ఆలోచన నాలుగో రోజుకు గానీ రాలేదు. ముప్పై ఏళ్లుగా రంగుల కార్డు చూడకుండా గోడ రంగు పేరు చెప్పగల మనిషి, తన రక్తం రంగును పోల్చుకోలేకపోయాడు.

నాలుగో రోజు పక్కనున్న మందుల దుకాణానికి పోయాడు. దుకాణదారుడి దగ్గరికి దుకాణదారుడు పోవడం మర్యాద. డాక్టర్ దగ్గరికి పోవడం భయం. ఆ దుకాణాయన "వేడి చేసిందన్నా" అని ఏవో మాత్రలిచ్చి, బార్లీ నీళ్లు తాగమన్నాడు. ఐదు రోజులకు ఎరుపు పోయింది. రక్తం ఆగింది కాబట్టి రోగం పోయిందని ఇద్దరూ తీర్మానించారు. మా బజారులో లెక్క అంతే: గొడవపడ్డ గిరాకీ మళ్లీ రాకపోతే గొడవ తీరిందనుకుంటాం.

"వదినకు చెప్పినవా?" అన్నాను.

"నీకేమన్న పిచ్చా? ఆడోళ్లకు చెప్పే ముచ్చటేనా గిది? అయినా ఇప్పుడు మంచిగైంది. బందయింది."

మామూలుగా అయితే నేనూ సరే అనేవాణ్ణి. ఆ రోజు అనకపోవడానికి కారణం నా తెలివి కాదు, నా ఉద్యోగం. మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, సాఫ్ట్‌వేర్ ముక్క రాకుండా, పద్దెనిమిదేళ్లుగా బతుకుతున్నాను. కుర్చీలు, క్యాబులు, క్యాంటీను, కాపలా మనుషులు, ఇలా కంపెనీ బయటి నుంచి తెచ్చుకునే ప్రతిదానికీ బేరమాడే బల్ల నాది. డిగ్రీ చూసి కాదు నన్ను తీసుకున్నది. ఇంటర్వ్యూలో అడిగిన జీతం గురించి నేను వాదించిన తీరు చూసి తీసుకున్నామని తర్వాత మా పెద్దసారు ఒకసారి చెప్పారు. ఉద్యోగులకు ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల శిబిరం కూడా నా బల్ల మీదికే వచ్చేది.

ల్యాబుల వాళ్లు తెచ్చే జాబితాలు నాకు బాగా తెలుసు. ఒకే రక్తానికి నాలుగు పేర్లు పెట్టి నాలుగు పరీక్షలుగా చూపిస్తారు. నేను కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోతాను. వాళ్లు ఏడ్చినట్టు నటిస్తారు, నేను లేచి వెళ్లిపోతున్నట్టు నటిస్తాను. చివరికి జాబితా సగమవుతుంది, ఎవరి ఆరోగ్యానికీ ఏమీ తక్కువ కాదు. పరీక్షల జాబితాలో ఎప్పుడూ తాలు ఉంటుందన్నది నా అనుభవం. అది అబద్ధం కాదు. నన్ను ముంచింది ఆ నిజమే.

శిబిరానికి ఆడవాళ్ల సమయాలు మొదటి రోజే నిండిపోయేవి. మగవాళ్లవి మిగిలిపోయేవి. కూకట్‌పల్లి నుంచి వచ్చే గోదావరి జిల్లాల కుర్రాడొకడు ప్రతి ఏడూ వచ్చి అడిగేవాడు: "సార్, నా పరీక్షల కూపను మా అత్తగారి పేరుకి మార్చడానికి కుదురుతుందాండీ?" ఇంకొకాయన, టీమ్ మేనేజర్, పొట్ట బల్లకు తగులుతుండగా అనేవాడు: "ఏమీ లేనప్పుడు వెళ్లి వెతుక్కోవడం దేనికండీ? వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది." నేను వీళ్లను చూసి నవ్వేవాణ్ణి. నా కూపను నాలుగేళ్లుగా నా భార్యకు ఇచ్చేస్తున్నాను. ఆమె అది ప్రేమ అనుకుంది. నేనూ అనుకోనిచ్చాను.

మా ఇళ్లలో ఆడది మొదటి కాన్పుతోనే డాక్టర్ గది గడప తొక్కుతుంది. సిగ్గు అక్కడే చచ్చిపోతుంది, లేదా చంపుకుంటుంది. మగవాడికి ఆ గడప ఎవరూ చూపించరు. బడిలో టీకా వేయించుకున్నాక మళ్లీ అతను చొక్కా విప్పేది గుండె పట్టుకుని పడిపోయినప్పుడే. ఆ మధ్యలో వచ్చిన ప్రతి నొప్పినీ అతను ఏదో ఒక సాకు చెప్పి వాయిదా వేస్తాడు. మగతనమంటే మా బజారులో ఎక్కువమందికి తెలిసిన అర్థం వాయిదానే.

ఆ ఏడు శిబిరంలో ఒక మూత్రరోగాల డాక్టర్ చేత ఉచితంగా ఉపన్యాసం ఇప్పించాను. ఉచితం అన్న మాట నా గొప్పే. హాలు నిండింది. సమోసాలున్నాయని ముందే చెప్పాను కాబట్టి నిండింది. నేను వెనక నిలబడి, చట్నీ నీళ్లగా ఉందని క్యాంటీన్ వాడితో తగువు పెట్టుకుంటున్నాను. అయినా ఒక మాట చెవిన పడింది. "మూత్రం ఒక్కసారి ఎర్రగా వచ్చినా, నొప్పి లేకపోయినా, దానంతటదే ఆగిపోయినా చూపించుకోండి. నొప్పి లేదంటే మంచి కబురనుకోకండి," అన్నాడాయన.

దుకాణంలో ఆ మాట గుర్తొచ్చింది. అందుకే పట్టుబట్టాను.

"రేపు పొద్దుగాల పోదాం నడువ్."

"రేపు సోమవారం. పెయింటర్లందరు వస్తరు."

"అయితే మంగళవారం."

"మంగళవారం కంపెనీ బండొస్తది. సరుకు దించుకోవాలె."

"దుకాణం ఒక్క పూట బంద్ పెడితే ఏం మునుగుతది?"

అన్న నన్ను పరాయివాణ్ణి చూసినట్టు చూశాడు. అది న్యాయమే. మా బజారులో పనిరోజు పట్టపగలు షట్టర్ దించారంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. మా నాన్నకు నూట మూడు జ్వరం ఉన్నా గల్లా దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు గానీ షట్టర్ మీద చెయ్యి వెయ్యలేదు. డాక్టర్లు కూర్చునే వేళలూ దుకాణాలు తెరిచి ఉండే వేళలూ ఒకటే. ఇక మాబోటివాళ్లు దవాఖానకు ఎప్పుడు పోవాలి?

చివరికి అన్నే దారి చూపించాడు. "అమావాస్య నాడు పోదాం తియ్. ఆ రోజు ఎవడూ కొత్త పని మొదలువెట్టడు. గిరాకి ఎట్లయినా ఉండది. దుకాణం పక్కాయన చూసుకుంటడు."

అమావాస్యకు ఇంకా పదమూడు రోజులున్నాయి. రానంటే రానన్నవాణ్ణి ఒప్పించానని నేను సంబరపడ్డాను. ఎవరూ రంగు కొనని రోజు చూసి మేము రోగానికి ముహూర్తం పెట్టుకున్నాం.

అమావాస్య నాడు ఇద్దరం కొండాపూర్‌లోని ఆసుపత్రికి వెళ్లాం. మా కంపెనీలో ఉపన్యాసమిచ్చిన డాక్టర్ దగ్గరికే. తెలిసిన డాక్టరైతే మాట చెల్లుతుందని నా లోపలి దుకాణదారుడి ఆలోచన. డాక్టర్ నన్ను గుర్తుపట్టి నవ్వాడు, అన్నను కూర్చోమన్నాడు.

"నొప్పి ఏమైనా ఉందాండీ?"

"అస్సలు లేదు సార్."

"సిగరెట్ కాలుస్తారా?"

"బంద్ చేసిన సార్."

"ఎప్పుడు మానేశారు?"

అన్న ఒకసారి నా వైపు చూశాడు. "పొద్దుగాల."

నేను పగలబడి నవ్వాను. డాక్టర్ నవ్వలేదు. నాలుగు పరీక్షలు రాశాడు. మూత్రం, రక్తం, స్కానింగ్. నాలుగోది ఏమిటో ఆయనే నెమ్మదిగా వివరించాడు. "సన్నటి గొట్టం, దాని చివర కెమెరా ఉంటుందండి. మూత్రం వచ్చే దారిలోంచే పంపించి మూత్రసంచీ లోపల చూస్తాం. మొద్దుబారడానికి మందు పెడతాం. పది నిమిషాల పని."

బల్ల కింద అన్న చెయ్యి నా మోకాలి మీద పడింది.

అది మా ఇంటి సైగ. చిన్నప్పుడు బేగంబజారులో సరుకు కొనడానికి నాన్న వెంట వెళ్లినప్పటి నుంచీ ఉన్నది. ఎదుటివాడు మాట చెప్పగానే మోకాలి మీద చెయ్యి పడిందంటే, "ఒప్పుకోకు, తగ్గించు" అని. ఆ చెయ్యి పడ్డాక మాట్లాడే పని నాది. నాన్నకు కోపం ఎక్కువ, అన్నకు మొహమాటం ఎక్కువ. ఇంట్లో పెళ్లి చీరల నుంచి ప్లాటు దాకా నోరు నాదే. యాభై ఆరేళ్ల మనిషి, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగనివాడు, తన ఒంటిలోకి గొట్టం పోతుందన్న భయంతో ఆ చెయ్యి వేశాడు. నాకు జాలి కలగలేదు. బేరం దొరికిందన్న హుషారు కలిగింది.

"సార్, నాలుగు రాసిండ్రు. స్కానింగ్‌ల అన్ని కనవడతయి గద. ముందుగాల మూడు చేయిద్దాం. అండ్ల ఏమన్న తేలితే నాలుగోదానికి మేమే వస్తం."

"స్కాన్‌లో చిన్నవి కనిపించకపోవచ్చండి. మీరు ఆ రోజు హాల్లోనే ఉన్నారు కదా, నేను చెప్పింది విన్నారు."

"విన్న సార్. విన్ననని గదా పట్టుకొచ్చిన."

"మరి?"

జవాబు లేనప్పుడు మాటలు పెంచాలని మాకు నేర్పారు. పండుగ సీజన్ ముందుందన్నాను. అన్న భయస్తుడన్నాను. డాక్టర్‌గారి హస్తవాసి గురించి మా కంపెనీలో అందరూ చెప్పుకుంటున్నారన్నాను. కుర్చీ వెనక్కి జరిపి లేచినట్టు చేశాను. ఆఖరికి, ఇప్పుడు రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది, వచ్చే ఏడు శిబిరం మొత్తం మీ ఆసుపత్రికే ఇప్పిస్తానని కూడా అన్నాను.

డాక్టర్ కలం కింద పెట్టాడు. "మీ ఇష్టమండి. బలవంతంగా చేసేది కాదిది. ఈ మూడూ చేయించండి. రిపోర్టులు ఎలా ఉన్నా సరే, రెండు వారాల్లో నాలుగోదానికి తప్పకుండా రావాలి." చీటీ మీద ఇంకో వాక్యం రాసి ఇచ్చాడు. డాక్టర్ రాత మనకెక్కడ అర్థమవుతుందని నేను చూడకుండా మడిచి ఫైల్లో పెట్టాను.

స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు.

బయటికొచ్చాక అన్న నా వీపు మీద గట్టిగా చరిచాడు. "నువ్వు లేకుంటే ఇయ్యాల్ల ఆ గొట్టం పెట్టేటోడేరా!" దారిలో ఆగి చాయ్ తాగాం, బిస్కెట్లు తిన్నాం. అన్న అంతగా నవ్వగా చూసి చాలా రోజులైంది. తర్వాత ఆ కథ బజారంతా తిరిగింది. రోగం సంగతి దాచి, కిడ్నీలో రాయి అని చెప్పి, "మా తమ్ముడు డాక్టర్ తోటి గూడ బేరం చేసిండు" అని అన్న చాయ్ హోటల్ దగ్గర అందరికీ అభినయించి చూపించేవాడు. నేను వెళ్లినప్పుడల్లా పక్క దుకాణాలవాళ్లు నవ్వుతూ సలాం కొట్టేవారు. నేను తీసుకున్నాను ఆ సలాములు.

రెండు వారాలు వచ్చాయి, పోయాయి. దసరాకు ఇళ్లకు రంగులు వేయించేవాళ్లు దుకాణం ముందు నిలబడ్డారు, దీపావళికి ఇంకా ఎక్కువమంది. "పోదామా?" అని ఒకసారి ఫోన్లో అడిగాను. "సీజన్ అయిపోనీరా" అన్నాడు. రెండోసారి అడగలేదు. "ఎట్లున్నవ్?" అంటే "మస్తుగున్న" అనేవాడు. మస్తుగున్నానన్న మనిషిని నిలదీయడం మా ఇంట్లో మర్యాద కాదు. ఆ మధ్యలో మూడుసార్లు మళ్లీ రక్తం పడిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పడ్డ ప్రతిసారీ బార్లీ నీళ్లు తాగాడు. ఆగిన ప్రతిసారీ గెలిచాననుకున్నాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మందుల దుకాణాయన నాకు ఫోన్ చేశాడు. "జల్ది రా అన్నా, మీ అన్నకు బాగలేదు" అన్నాడు. నేను క్యాబులో బోరబండ చేరేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది. దాని ముందు బజారు సగం నిలబడి ఉంది.

"ఎవలు పోయిండ్రన్నా?" అని ఇస్త్రీ దుకాణం పెద్దాయన నా చెయ్యి పట్టుకుని అడిగాడు. ఒకాయన అప్పటికే పూలదండ తెప్పించడానికి మనిషిని పంపబోతున్నాడట.

షట్టర్ జానెడు ఎత్తి లోపలికి దూరాను. అన్న డబ్బాల వరుస మీద వంగి కూర్చుని ఉన్నాడు. చొక్కా అంతా చెమట. పొద్దుటి నుంచీ ఒక్క చుక్క మూత్రం రాలేదు. గడ్డకట్టిన రక్తం దారికి అడ్డుపడింది. పొట్ట కింది భాగం రాయిలా ఉంది. తాను నొప్పితో మెలితిరగడం ఎవరూ చూడకూడదని ఆయనే షట్టర్ దింపించాడు. నాన్న జ్వరంలో చెయ్యని పని, అన్న సిగ్గుతో చేశాడు.

"ఎవలకు చెప్పకు," అన్నాడు పళ్లు బిగించి.

ఆసుపత్రిలో గొట్టం వెయ్యక తప్పలేదు. ఈసారి నేను బేరానికి నోరు తెరవలేదు. లోపల కెమెరా పెట్టి చూస్తే గడ్డ కనిపించింది. అది సంచీ గోడ కండలోకి దిగిపోయిందని తర్వాతి పరీక్షలు చెప్పాయి. మూత్రసంచీ తీసెయ్యాలన్నారు. తీసేశారు. పేగు ముక్కతో దారి చేసి, బొడ్డుకు కుడిపక్కన పొట్ట మీదికి తెచ్చారు. అక్కడ ఒక ప్లాస్టిక్ సంచీ అతికిస్తారు. అందులోకి మూత్రం వస్తూ ఉంటుంది, రోజంతా, ఆయన ప్రమేయం లేకుండా.

వదినకు ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టమన్నప్పుడే అసలు సంగతి తెలిసింది. వరండాలో నా ముందు నిలబడి అడిగింది. "గిది ఎన్నాళ్ల సంది ఉన్నది?"

నేను నేల చూశాను. స్ట్రెచర్ మీదున్న అన్న కళ్లు మూసుకుని అన్నాడు: "నాదే తప్పు. డాక్టర్ ఏదో పరీక్ష చెయ్యాల్నన్నడు. నేనే వద్దన్న."

నేను ఆ మాటను దిద్దలేదు. నోరున్నవాణ్ణని పేరు పడ్డవాణ్ణి నేను.

ఆపరేషన్ అయిన వారానికి డాక్టర్ ఒంటరిగా దొరికాడు. అడగకుండా ఉండలేకపోయాను. "సార్, ఆ రోజే చూసి ఉంటే?"

"చెప్పలేనండి. గడ్డను గీకి తీసేస్తే సరిపోయే దశలోనే ఉండి ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. మనం చూడలేదు కదా."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు తిరిగి ఏదో ఒకటి అనవచ్చు. "మనం" అన్నాడాయన, "మీరు" అనలేదు. ఆ మర్యాదను ఇప్పటికీ మింగలేకపోతున్నాను.

అన్న మూడు నెలలకు మళ్లీ దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టాడు. వదులు చొక్కాలు కుట్టించుకున్నాడు. సంచీ నిండితే హోటల్ వెనక్కి పోయి ఖాళీ చేసుకొస్తాడు. బజారువాళ్లకు రాయి ఆపరేషన్ అనే చెప్పాడు. మందుల దుకాణాయన ఒక్కడికే నిజం తెలుసు. ఆయన ఇప్పటికీ ఎవరైనా ఎర్రగా వచ్చిందంటే బార్లీ నీళ్లే చెబుతున్నాడేమోనని నేనొకసారి అడిగాను. "లేదన్నా, ఇప్పుడు దవాఖానకు పొమ్మంటున్న. పోరన్నా. మీ అన్నది రాయే గద, మాది గూడ గదే, గోళీలే ఇయ్యి అంటరు," అన్నాడు. మా అన్న అబద్ధం మా అన్ననొక్కణ్ణే కాల్చి ఊరుకోలేదు.

నా కంపెనీలో ఆ ఏడు కూడా శిబిరం జరిగింది. ఈసారి మగవాళ్ల బల్లల దగ్గరికి నేనే వెళ్లి నిలబడ్డాను. అత్తగారికి కూపను మార్చమన్న కుర్రాడికి మార్చనన్నాను. "మరీ ఇంత పట్టుదలేంటి సార్?" అని నవ్వాడు. మా అన్న సంగతి చెబుదామని నోరు తెరిచాను. మూత్రం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆఫీసులో, అద్దాల గది పక్కన, ఆడపిల్లలు కూర్చున్న చోట ఆ మాట అనలేకపోయాను. "ఏం లేదు, రూల్స్ మారాయి," అన్నాను. ఆ కుర్రాడు పరీక్షకు రాలేదు.

ఒక ఆదివారం వదిన నన్ను ఇంటికి రమ్మంది. అన్న దుకాణంలో ఉన్న వేళ చూసి పిలిచింది. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. నేను పీట మీద కూర్చున్నాను. నేనే మొదలుపెట్టాను.

"వదినా, నీకొక మాట చెప్పాలె. ఆ రోజు పరీక్ష వద్దన్నది అన్న కాదు..."

"ఎరికె," అంది తల ఎత్తకుండా.

"అన్న చెప్పిండా?"

"మీ అన్న చస్తే చెప్తడా? ఫైల్ల రాసున్నది. బిడ్డతోని చదివిపించుకున్న." లేచి వెళ్లి ఆ చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆ రోజు చూడకుండా మడిచిన చీటీ. గొట్టం పరీక్ష అవసరమని చెప్పాం, వెంట వచ్చిన మనిషి ఒప్పుకోలేదు అని ఇంగ్లీషులో ఒకే వాక్యం. రాత బాగానే ఉంది. చదవడానికి ఏ కష్టమూ లేదు.

"ఆపరేషన్ నాటి సంది ఎరికె నాకు. నువ్వే చెప్తవేమోనని చూస్తున్న. ఏడాదాయె."

"వదినా..."

"నా ముక్కుపుడక కాడ బేరం చేసినవ్, మురిసిన. బిడ్డ పెండ్లికి హాలు కాడ చేసినవ్, మురిసిన. మా మరిది నోట్లె నాలిక గాదు, కత్తి ఉన్నదని అందరికి చెప్పుకున్న. గా కత్తి ఎవరి మీద పడ్డదో చూసినవా?" ఆమె గొంతు పెంచలేదు. "నాకు గూడ చెప్పకపోతిరి. నేను నాలుగు మాట్ల దవాఖానకు పోయొచ్చినదాన్ని. ముగ్గురు పిల్లలను కన్న, గర్భసంచి తీపించుకున్న. గొట్టాలకు భయపడేదాన్నా? నాకు చెప్తే చెవులు పట్టి కూసోవెడుదు మీ అన్నను."

అది నిజం. ఆ ఇంట్లో ఆసుపత్రి భయం లేని మనిషి ఆమె ఒక్కతే. ఆమెకే చెప్పకూడదని మేమిద్దరం మొదటి రోజే అనుకున్నాం.

"ఇగ మీదికెల్లి మీ అన్నతోని డాక్టర్ గదిలకు నేను పోత. నువ్వు రాకు. వచ్చినా బయట కూసో. నువ్వు లోపలికొస్తే మాట్లాడతవ్."

అప్పటి నుంచీ అలాగే జరుగుతోంది. మూడు నెలలకొకసారి నేను సెలవు పెట్టి కారు తెస్తాను, వాళ్లను దింపుతాను, వరండాలో కూర్చుంటాను. లోపల డాక్టర్ ఏం చెప్పాడో, ఆమె ఏం అడిగిందో నాకు తెలియదు. బయటికొచ్చి "మంచిగనే ఉన్నదన్నడు" అంటుంది, లేదా "ఇంకో స్కానింగ్ రాసిండు" అంటుంది. రాసినవన్నీ చేయిస్తుంది.

పోయిన నెల ఆమె బయటికి రావడం ఆలస్యమైంది. అన్న ముందు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఊపిరితిత్తిలో ఒక మచ్చలాంటిది కనిపించిందట. పాతదే కావచ్చు, కాకపోనూవచ్చు. రెండు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారట. ఈ మాటలన్నీ దుకాణానికి ఎన్ని డబ్బాలు తేవాలో చెప్పినట్టు చెప్పాడు. అనడానికి నాకు హక్కున్న మాట ఒక్కటీ దొరకలేదు.

వదిన వచ్చింది. చేతిలో కొత్త చీటీ ఉంది. నాకు ఇచ్చింది. దాని మీద నా పేరు, నా వయసు ఉన్నాయి.

"రాత్రి ఒంటికి నాలుగు మాట్ల లేస్తున్నవంట గద. నీ పెండ్లాం చెప్పింది. ఆరు నెలల సంది అంట. డాక్టర్ తోని చెప్పిన. తోల్కరమ్మన్నడు."

"అది వయసు వదినా. అందరికి ఉండేదే. ఇయ్యాల్ల ఆఫీసుల మీటింగ్ ఉన్నది, వచ్చే వారం..."

వచ్చేసింది. ఆలోచించకుండా, తడుముకోకుండా, నా నోట్లోంచి. పొట్టకు సంచీ అతికించుకున్న మనిషి పక్కన కూర్చుని "వచ్చే వారం" అన్నాను. వదిన చీటీ వెనక్కి తీసుకోలేదు. అన్న నెమ్మదిగా చొక్కా సర్దుకుని అన్నాడు:

"లోపలికి పో తమ్మీ. నేన్ ఈడ్నే కూసుంట."

లేచాను. ధైర్యం వచ్చి కాదు. బుద్ధి వచ్చి కూడా కాదేమో. ఇద్దరూ చూస్తున్నారని లేచాను. తలుపు దగ్గర వదిన నన్ను దాటుకుని ముందు లోపలికి వెళ్లి, డాక్టర్ ఎదుటి కుర్చీలో తనే కూర్చుంది. నేను ఆమె వెనక నిలబడ్డాను. ఎన్ని పరీక్షలు రాశాడో, ఏమేం రాశాడో ఆమె అడిగి తెలుసుకుంది.